చేతికి తెలిసిన బట్ట

మా ఇంట్లో పిల్లలకి అక్షరాలకన్నా ముందు బట్ట వచ్చేది. చీరాలలో మా నాన్నది బట్టల కొట్టు. మధ్యాహ్నం గిరాకీ పలచబడ్డాక నా కళ్లకి తువ్వాలు కట్టి, ఒళ్లో ఏదో ఒక తాను కొస పడేసి, "ఏందో చెప్పు చూద్దాం" అనేవాడు. వేళ్ల మధ్య నలిపి, బొటనవేలితో నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి రాసి, మల్లు అనో పాప్లిన్ అనో లాంగ్‌క్లాత్ అనో చెప్పాలి. సరిగ్గా చెబితే పటికబెల్లం ముక్క. తప్పు చెబితే అన్నయ్యలు పగలబడి నవ్వేవాళ్లు. నాన్న మాత్రం నవ్వకుండా అదే కొస మళ్లీ చేతిలో పెట్టేవాడు. నేను నేర్చుకున్నది పటికబెల్లం కోసం కాదు, అన్నయ్యల నోళ్లు మూయించడం కోసం. పెద్దయ్యేసరికి బట్టకి గంజి ఎంత పెట్టారో, ఉతికితే ఎంత దిగుతుందో, నూలులో ఏం కలిపారో చెయ్యి వేసి చెప్పేదాన్ని.

దాంతోపాటు బేరం కూడా అబ్బింది. అది నేర్చుకునే విద్య కాదు, దగ్గు లాంటిది. ఆపుకుందామన్నా ఆగదు. పెళ్లిపీటల మీద కూర్చుని, మంత్రాలు కాస్త తగ్గించుకోమని పురోహితుడితో బేరమాడిన పెళ్లికూతుర్ని నేనే. ఒమాన్ వచ్చిన కొత్తలో పన్ను పీకించుకోవడానికి వెళ్లి, పక్క పన్ను కూడా కదులుతున్నట్టుంది, ఆ చేత్తోనే అది కూడా చూడమని అడిగి, రెండూ పోగొట్టుకుని, ఒకే రానుపోనులో రెండు పనులయ్యాయని సంబరపడ్డాను. మా ఆయన ఆ కథని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ టీతో పాటు వడ్డిస్తారు.

మా ఆయనది రైల్వే గుమాస్తాల కుటుంబం. ఆయన దృష్టిలో బట్ట అంటే ఒంటి మీద వేసుకునేది. అంతకు మించి దాని గురించి మాట్లాడుకోవడానికి ఏముంటుందో ఆయనకి అర్థమయ్యేది కాదు. ఒమాన్‌లో సహం అనే ఊళ్లో, అర్బాబ్ అని పిలిచే మా ఒమానీ యజమాని పేరు మీద ఉన్న బట్టల షాపుని మేనేజరుగా నడపడానికి వచ్చారు. బిల్లులు, లైసెన్సులు, అర్బాబ్‌తో మాటలు ఆయనవి. బట్ట నాది. మస్కట్ పక్కనున్న ముత్రా బజారులో హోల్‌సేల్ వాళ్ల దగ్గర తానులు ఎంచడం, షాపులో ఒమానీ ఆడవాళ్లకి చూపించడం, ఇద్దరికీ నచ్చేదాకా బేరమాడటం నా పని. నాకొచ్చిన అరబ్బీ అంతా ఆ కౌంటర్ మీద నేర్చుకున్నదే. బట్ట గురించి అయితే ఎంతసేపైనా మాట్లాడగలను. ఎవరైనా పోయారని చెబితే ఓదార్చడానికి మాత్రం మాటలు దొరకవు.

ఆ ఊరి ఆడవాళ్లు నన్ను ఉఖ్తీ అనేవాళ్లు, అంటే అక్కచెల్లెలి వరస. దుబాయ్ నుంచి ఎవరో తెచ్చిన బట్టని కూడా సంచిలో పెట్టుకొచ్చి, "ఉఖ్తీ, చెయ్యి పెట్టి చెప్పు, మంచిదేనా?" అని అడిగేవాళ్లు. మా దగ్గర కొనని బట్టకి నా చేత మార్కులు వేయించుకుని పోయేవాళ్లు. పైకి విసుక్కునేదాన్ని గానీ, వాళ్లు వెళ్లాక కుర్చీలో కొంచెం నిటారుగా కూర్చునేదాన్ని.

ఒక ఎండాకాలం చివర్లో కుడిచేతి వేళ్లకి ఎవరో పల్చటి తొడుగు తొడిగినట్టు అనిపించడం మొదలైంది. తానుల గంజి అంటుకుందేమో అనుకుని సబ్బుతో కడిగాను. పోలేదు.

"కూర్చుని కూర్చుని తిమ్మిరి పట్టిందిలే" అన్నారు మా ఆయన.

"కూర్చునేది చేతుల మీద కాదు కదండీ" అన్నాను.

ఆ రోజుల్లోనే ఒక గిరాకీ, పిల్లవాడికి చొక్కాలు కుట్టించడానికి తీసుకెళ్లిన బట్టని తెచ్చి కౌంటర్ మీద పెట్టింది. "ఉఖ్తీ, ఇది నూలు కాదు. వాడి వీపంతా చెమటకాయలు" అంది. నేను ఎంచిన బట్టని పట్టుకుని నూలు కాదనడమా! సబ్బు మారిస్తే తగ్గుతుందని, పిల్లవాడిది సున్నితమైన చర్మమని, నానా మాటలూ చెప్పి ఆమెని ఒప్పించి పంపాను. ఆమె గుమ్మం దాటాక, ఆ బట్ట కోసిన తానులోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల గీసి అంటించాను. నూలైతే కాగితంలా కాలి బూడిద రాలుతుంది. అది ముడుచుకుపోయి నల్లటి పూసై కూర్చుంది. సగానికి సగం పాలియెస్టర్. ముత్రాలో దాన్ని నేనే నలిపి, నేనే రాసి, మేలైన నూలని నేనే తెచ్చాను. ఆమెని వెనక్కి పిలిపించి వేరే బట్ట ఇచ్చాం గానీ, ఆ సాయంత్రమంతా నా చేతిని పరాయివాళ్ల చేతిని చూసినట్టు చూస్తూ కూర్చున్నాను.

మస్కట్‌లో స్కానింగులు, నడుములోంచి నీళ్లు తీసిన పరీక్షలు అన్నీ అయ్యాక, నరాల డాక్టరు దాని పేరు చెప్పారు: మల్టిపుల్ స్క్లెరోసిస్. సూడాన్ దేశపు పెద్దమనిషి, మెల్లగా మాట్లాడతారు. నరాల మీద ఒక పూత ఉంటుందట. మన ఒంటిని కాపాడాల్సిన శక్తే దాన్ని శత్రువనుకుని కొరికేస్తుందట. నా బుర్రకి అది ఇలా అర్థమైంది: పోగుకి గంజి ఊడిపోతే మగ్గం మీద చిక్కులు పడి తెగినట్టు, నరానికి పూత ఊడితే కబురు దారిలోనే తప్పిపోతుంది. వేలు బట్టని తాకుతుంది, ఆ సంగతి తలకి చేరదు.

"ఈ మందు వాడితే నా చెయ్యి నాకు వస్తుందా?" అని అడిగాను.

"పోయినదాంట్లో కొంత తనంతట తను తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. మందు దానికోసం కాదు. ఇకముందు పోకుండా ఉండటానికి."

"అంటే, మందు పనిచేస్తే నాకేం కనబడుతుంది?"

"ఏమీ కనబడదు. కొత్తగా ఏమీ జరగదు. మనకి కావలసింది అదే."

పుట్టి బుద్ధెరిగాక అటువంటి సరుకుని ఎవరూ నాకు చూపించలేదు. చేత్తో పట్టుకోవడానికి లేదు, కంటితో చూడటానికి లేదు. వాన పడని రోజున, చూశావా నేనమ్మిన గొడుగు ఎంత బాగా పనిచేసిందో అనే వ్యాపారిని నేను రానిస్తానా? అయినా సూదికి బదులు మాత్ర లేదా, మాత్రకి బదులు పథ్యం సరిపోదా అని ఒక పూటంతా బేరమాడాను. ఆయన ప్రతిదానికీ ఓపిగ్గా జవాబు చెప్పి చివరికి సూదే రాశారు. మందు ఖర్చు సంగతి ఇక్కడ రాయను. అది ఇన్సూరెన్స్ వాళ్లకీ మా ఆయనకీ మధ్య నడిచిన పెద్ద యుద్ధం.

సూది వేసుకోవడం నర్సు నేర్పింది. వేసుకున్నాను. కొన్ని నెలలకోసారి డాక్టరు దగ్గరికి వెళ్లి చూపించుకునేదాన్ని. కళ్లు మూసుకోమనేవారు. దూది తాకించి, తెలిసినప్పుడు చెప్పమనేవారు. సూదిమొనతో గుచ్చి మొన ఏదో మొద్దు ఏదో చెప్పమనేవారు. కళ్లు మూసుకుని చెప్పే పరీక్ష నాకు కొత్తా? పైగా ఎదుటి మనిషి మొహం చూడకుండా మనసు పట్టుకోవడం బేరగాళ్ల మొదటి పాఠం. దూది తాకించే ముందు ఆయన ఊపిరి రవ్వంత బిగబట్టేవారు. మొన మార్చి మొద్దు వైపు తిప్పేటప్పుడు చిన్న ఆలస్యం ఉండేది. కోటు చెయ్యి గరగరమనేది. "ఇప్పుడు?" అని అడిగే గొంతులోనే జవాబు ఉండేది.

"చాలా బాగుంది. చెయ్యి కోలుకుంటోంది" అనేవారు. మంచి మార్కులొచ్చిన పిల్లలా బయటికొచ్చేదాన్ని. మోసం చేస్తున్నానని అనుకోలేదు. కొట్టులో పెరిగిన మనిషి చిరుగున్న మడతని లోపలికి తోసి బాగున్న మడతని పైకి పెడుతుంది. అందులో ఆలోచనేమీ ఉండదు, చెయ్యి దానంతట అదే అలా మడుస్తుంది.

షాపులో ఇంకో ఉపాయం. ఎడమచెయ్యి బాగానే ఉంది. కానీ ఎడమచేత్తో బట్ట అందించడం మా చీరాలలోనే తప్పు. ఇక్కడ ఒమానీ ఆడవాళ్ల ముందైతే ఇంకా పెద్ద తప్పు. అందుకని కుడిచేతిని దర్జాగా బట్ట మీద పరిచి, ఎడమచేతిని మడత కిందికి పోనిచ్చేదాన్ని. పైన కుడిచెయ్యి నలిపినట్టు నటించేది. కింద ఎడమచెయ్యి తెలుసుకునేది. జవాబు చెప్పేది నేను. ముత్రాలో హోల్‌సేల్ వాళ్లకి కూడా అనుమానం రాలేదు. మా ఆయనకి మాత్రం ఒకసారి వచ్చింది.

"ఏందే, ఆ చెయ్యి ఎప్పుడూ బట్ట కిందనే ఉంటది?"

"చలికి" అన్నాను, బయట రోడ్డు కరిగిపోతున్న ఎండలో. ఏసీ వైపు చూసి ఊరుకున్నారు.

మళ్లీ ఎండలు వచ్చాయి. ఈ జబ్బుకి వేడి పడదు. ఒళ్లు వేడెక్కితే పాత బాధలన్నీ కాసేపు పైకి తేలతాయని, చల్లబడితే తగ్గుతాయని డాక్టరు ముందే చెప్పారు. అందుకని ఎడమచేతి వేళ్ల చివర మొద్దుబారినప్పుడు ఎండనే తిట్టుకున్నాను. చల్లబడితే పోతుంది అనుకున్నాను. ఏసీ ముందు కూర్చున్నాను, పోలేదు. చన్నీళ్లలో చేతులు పెట్టాను, పోలేదు. చలికాలం వస్తే పోతుందిలే అని దానికి గడువిచ్చాను. మడత కింద ఎడమచెయ్యి ఏమీ చెప్పకపోయినా, రంగు చూసి, వాసన చూసి, బట్టని దులిపితే వచ్చే చప్పుడు విని, సగం ఊహతో చెప్పుకొచ్చాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే అది నిజమైపోతుందన్నట్టు ఉండేది.

డాక్టరు దగ్గర ఎప్పటిలాగే గెలిచాను. బయటికి రాబోతుంటే ఆయన మా ఆయన వైపు తిరిగి, ఇంట్లో పనులవీ ఎలా ఉన్నాయని అడిగారు.

"ఏం లేదు సార్" అన్నారు మా ఆయన, తనకొచ్చిన ఇంగ్లీషులో. "గాజు గ్లాసులన్నీ పగిలి అయిపోయాయి. స్టీలువి కొన్నాం."

డాక్టరు చేతిలోని పెన్ను మళ్లీ కింద పెట్టారు. ఆ పూటే నన్ను ఇంకో గదికి పంపించారు.

ఆక్యుపేషనల్ థెరపిస్ట్ అంటే, మనిషి తన రోజువారీ పనులు తను చేసుకోవడానికి చేతులకీ ఒంటికీ దారులు నేర్పేవాళ్లు. ఆ గదిలో ఉన్నావిడ నాకన్నా చాలా చిన్నది. ఒమానీ బలూచీల పిల్ల, వాళ్లింట్లో హిందీ బాగా నడుస్తుందట. నన్ను చూడగానే "ఆయియే దీదీ" అంది. బల్ల మీద, మూతి చెయ్యి పట్టేంత మాత్రం వదిలి బిగించిన గుడ్డసంచి ఒకటి ఉంది.

"లోపల చెయ్యి పెట్టి, చూడకుండా, ఒక్కోటీ ఏమిటో చెప్పు."

చెయ్యి పెట్టి కొంచెం కదిపాను. గలగలమంది. "తాళంచెవి." ఇంకోటి పట్టుకుని, సంచి సర్దుకుంటున్నట్టు మొహం దగ్గరికి తెచ్చుకున్నాను. "సాంబ్రాణి." మరోదాన్ని బల్లకి తగిలించాను, చప్పుడు ఇంకో రకంగా వచ్చింది. "చిల్లర నాణెం. ఇది మీ ఆసుపత్రిదేనా, నీ సొంతమా? ఇంటికి పట్టుకుపోనా?"

ఆ అమ్మాయి నవ్వింది. "దీదీ, నువ్వు ఏం పని చేస్తావు?"

"బట్టల షాపు."

"మా తాతకి ముత్రా సూక్‌లో కొట్టుండేది. ఆయన కూడా ఇంతే, కళ్లజోడు లేకుండా అన్నీ చదివేసేవాడు. అమ్మమ్మకి అర్థమయ్యేసరికి ఆయనకి చూపు సగం పోయింది" అంటూ సంచిలోవన్నీ బయటికి తీసేసింది. బీరువాలోంచి ఏవో గుడ్డముక్కలు తీసి, నాకు కనబడకుండా సంచిలో వేసింది. "ఇప్పుడు నీ సరుకే. చప్పుడు లేదు, వాసన లేదు. కుడిచేత్తో చెప్పు."

నా కుడిచెయ్యి సంచిలోకి వెళ్లింది. ఏదో ఉంది. ఉందన్న సంగతి మాత్రమే తెలిసింది.

"కుడిది ముందే కాస్త అలాగ ఉంది" అన్నాను.

"సరే. ఎడమది పెట్టు."

పెట్టాను. ఒక ముక్క పట్టుకున్నాను, వదిలి ఇంకోటి పట్టుకున్నాను. ఆ పిల్ల ఊపిరి విందామని చూశాను. తను ఊపిరి కూడా మామూలుగానే తీసుకుంటోంది. మొహం వైపు చూశాను. తల కిందికి వంచుకుని కూర్చుంది, నాకు ఏమీ అందకుండా.

"ఏ రంగుదో చెబితే పేరు చెబుతా" అన్నాను. ఈసారి తను నవ్వలేదు.

"రెండూ ఒకలాగే ఉన్నాయా, వేరా?"

"ఒకలాగే ఉన్నాయి" అన్నాను చివరికి.

తను సంచి మూతి విప్పి రెండు ముక్కలూ బల్ల మీద పెట్టింది. ఒకటి మఖ్మల్. ఇంకోటి గోనెపట్టా.

ఏడవలేదు. గోనెపట్టా పీచు వైపు చూస్తూ, నాన్న ఈ గదిలో లేకపోవడమే నయమని అనుకున్నాను. ఆయన మళ్లీ అదే కొస నా చేతిలో పెట్టేవాడు, తెలిసేదాకా, మళ్లీ మళ్లీ.

"ఎప్పట్నుంచి దీదీ, ఎడమచెయ్యి?"

"ఎండలప్పట్నుంచి" అన్నాను. అంతే, నా దగ్గర దాచడానికి ఇంకేమీ లేకపోయింది.

మళ్లీ స్కానింగ్. మెడ దగ్గర వెన్నుపాములో కొత్త మచ్చలు కనబడ్డాయి. డాక్టరు నన్ను కోప్పడతారనుకుంటూ వెళ్లాను. ఆయన కుర్చీ నా దగ్గరికి జరుపుకుని, మా ఆయన కూడా వినేలా చెప్పారు. ఈ సూది నాకు చాలడం లేదు, సెలైన్‌లా ఎక్కించే గట్టి మందుకి మారాలి. ముందు ఈ దాడిని తగ్గించడానికి కొన్ని రోజులు స్టెరాయిడ్ ఎక్కిస్తారు.

"ముందే చెప్పి ఉంటే ఎడమచెయ్యి మిగిలేదా?" అడిగాను.

"మందు ముందే మార్చేవాడిని. చెయ్యి మిగిలేదో లేదో నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు."

తిట్టినా బాగుండేది. వాదించడానికి ఏదో ఒకటి దొరికేది.

సహం తిరిగి వస్తూ బర్కా ఊరు దాటాం. మా ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే, "నాకైనా చెప్పకూడదటే?" అన్నారు.

"చెబితే మీరేం చేసేవాళ్లు?"

"ఏం చేస్తా. స్టీలు గ్లాసులు ముందే కొనేవాణ్ణి."

ఇద్దరం నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ ఆయన కారు పక్కకి తీసి ఆపేశారు. స్టీరింగ్ మీద తల పెట్టుకున్నారు. వీపు మీద చెయ్యి వేశాను. ఆయన చొక్కా నా చేతికి తగిలిందో లేదో నాకు తెలియలేదు, ఆయనకి మాత్రం తెలిసినట్టుంది.

స్టెరాయిడ్ తర్వాత కొంత వచ్చింది. వేడి తెలిసింది, టీ గ్లాసు పట్టుకుంటే కాలడం తెలిసింది. ఎన్నాళ్లకో చెయ్యి కాలినందుకు సంతోషించాను. నొప్పి తెలిసింది. కంటితో చూస్తూ చేస్తే బొత్తాలు పెట్టుకోగలిగాను. బట్ట మాత్రం రాలేదు. కొత్త మందు ఎక్కించుకోవడానికి వెళ్లినప్పుడల్లా థెరపిస్ట్ దగ్గరికి కూడా వెళ్లేదాన్ని. లావు పిడి ఉన్న కత్తి, గరిటె ఎలా వాడాలో చూపించింది. కత్తెర పట్టేటప్పుడు చూపు వేళ్ల మీంచి తిప్పవద్దంది. మెడకి చుట్టుకునే చల్లటి పట్టీ ఇచ్చి, బరువు పనులు ఎండెక్కకముందే చేసుకోమంది. అన్నీ పనికొచ్చాయి. నేనడిగింది మాత్రం అందులో లేదు.

ఒకరోజు ఉండబట్టలేక బేరం పెట్టాను. "అమ్మా, అన్ని వేళ్లూ వద్దు. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు చాలు. మిగతావన్నీ మీరే ఉంచుకోండి."

తను నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "నా దగ్గర లేవు దీదీ. ఉంటే బేరం లేకుండా ఇచ్చేదాన్ని."

"పోనీ ఒక్క బొటనవేలు."

తను తల అడ్డంగా ఊపింది. నేను ఇంకేమీ తగ్గించలేకపోయాను. ఒక్క వేలు కన్నా కిందికి దిగడానికి ఏముంది?

తనే మళ్లీ అడిగింది. "చెంపకి తెలుస్తుందా, బట్ట?"

"కొంచెం తెలుస్తుంది. కానీ గిరాకీ ముందు కొత్త బట్టని మొహానికి రుద్దుకుంటే ఎవరు కొంటారు?"

"అదీ నిజమే. మరి చేతికి తెలిసినదాన్ని నోటితో చెప్పగలవా? ఇంకొకళ్ల చేతికి నేర్పగలవా?"

"ఎవరికి?"

తను తలుపు వైపు చూపించింది. అద్దంలోంచి మా ఆయన కనబడుతున్నారు, కుర్చీలో కూర్చుని నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు.

"ఆయనకా!" అన్నాను. "ఆయనకి తువ్వాలుకీ దుప్పటికీ తేడా తెలియదు. స్నానం చేసి ఏది దొరికితే దాంతో తుడుచుకుంటారు."

అయినా మొదలుపెట్టాం. పొద్దున్నే షాపు తెరిచే ముందు, కౌంటర్ మీద ముక్కలు పరిచి కూర్చునేవాళ్లం. వచ్చిన చిక్కేమిటంటే, నాన్న నాకు మాటలు నేర్పలేదు. మాట అవసరమే రాలేదు. ఇప్పుడు ఒక్కోదానికీ మాట వెతకాలి.

"నలపండి. వదలండి. మడత నిలిచిందా, లేచిందా?"

"లేచింది."

"బొటనవేలితో అడ్డంగా రాయండి. ఏమనిపిస్తోంది?"

"బట్టలాగ అనిపిస్తోంది."

"అయ్యో రామా! జారుతోందా, పట్టుకుంటోందా? పిల్లి నాలుకలాగా ఉందా, తడిసిన అప్పడంలాగా ఉందా?"

"నేను పిల్లి నాలుక ఎప్పుడు ముట్టుకున్నానే?"

కొన్నాళ్లు తిట్టుకున్నాం, కొన్నాళ్లు మానేశాం. ఆయన మళ్లీ తనంతట తనే ముక్కలు పట్టుకొచ్చి ఎదురుగా కూర్చునేవారు. మెల్లగా ఆయన మాటలు మారాయి. "ఇది కొంచెం మొండిగా ఉంది" అన్నారు ఒకరోజు, గంజి ఎక్కువ పెట్టిన పాప్లిన్‌ని పట్టుకుని. "ఇది దొంగ. పైకి మెత్తగా ఉండి లోపల గుచ్చుకుంటోంది" అన్నారు ఇంకోరోజు. పోగు లాగి కాల్చాను. అది దొంగే. కాల్చి చూడగలిగినంతవరకు ఆయన చెప్పింది తప్పో ఒప్పో నాకు తెలిసేది. నూలా కాదా అన్నది నిప్పు చెబుతుంది. ఆ నూలు ఎంత మెత్తన, ఒంటికి ఎలా ఉంటుంది అన్నది నిప్పు చెప్పదు. అది చెప్పాల్సింది చెయ్యే.

తర్వాతి స్కానింగ్‌లో కొత్త మచ్చలేమీ లేవు. డాక్టరు బొమ్మ వైపు చూస్తూ "ఏమీ లేదు" అన్నారు, సంతోషంగా. మందు పనిచేస్తోందని అర్థం. నేను కూడా తలూపాను. ఉన్నది ఉన్నట్టే ఉంది. పోయింది పోయినట్టే ఉంది.

మొన్న చలికాలంలో ఒకావిడ వచ్చింది. ఎప్పుడూ నా చేత బట్టకి మార్కులు వేయించుకుని పోయేవాళ్లలో ఒకరు. వాళ్లమ్మ మంచం పట్టిందట. పడుకుని పడుకుని వీపు ఒరుసుకుపోయి పుండ్లు పడ్డాయట. కిందికి పరవడానికి మెత్తటి తెల్ల నూలు కావాలంది. మా దగ్గర ఉన్నవాటిలో అందుకు పనికొచ్చే తానులు రెండు. రెండూ నూలే, రెండూ తెలుపే, కంటికి ఒక్కటే. ఆవిడ రెండింటి కొసలూ పట్టుకుని నా ముందు పెట్టింది.

"ఉఖ్తీ, నువ్వు చెప్పు. అమ్మ వీపుకి ఏది?"

ఏదో ఒకటి చూపించేయవచ్చు. సగానికి సగం అవకాశం, గెలిస్తే గెలుస్తాను. అలాంటి బేరాలు చాలా చేశాను. కానీ అది ఒరుసుకుపోయిన వీపు. రెండు చేతులూ కౌంటర్ మీద వెల్లకిలా పెట్టి, వచ్చిన అరబ్బీలో చెప్పాను. "నా చేతులకి జబ్బు. బట్ట తెలియడం లేదు. ఆయన్ని అడగండి."

షాపులో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. ఆవిడ నా అరచేతుల వైపు చూసింది, అక్కడ ఏదైనా కనబడుతుందేమోనన్నట్టు. తర్వాత నా కోసం దేవుణ్ణి ఏదో వేడుకుంది. అందులో నాకు అర్థమైంది "యా రబ్" ఒక్కటే. కొసలు మా ఆయన ముందుకి జరిపింది.

ఆయన చేతులు తుడుచుకున్నారు. ఒకదాన్ని నలిపి వదిలారు, రెండోదాన్ని నలిపి వదిలారు. బొటనవేలితో నిలువుగా రాశారు, అడ్డంగా రాశారు. కళ్లు మూసుకున్నారు. అలా చెయ్యమని నేను చెప్పలేదు. వేళ్లు మళ్లీ మొదటిదాని మీదికి వెళ్లి, అక్కడ ఆగాయి.

"ఇది" అన్నారు.

అని నా వైపు చూశారు. ఆవిడ కూడా నా వైపే చూసింది. నేను చెయ్యి చాచి ఆ కొసని వేళ్ల మధ్య పట్టుకున్నాను. తెల్లగా ఉంది. బరువుగా కాస్త కిందికి వేలాడుతోంది. అంతకుమించి నాకు ఏమీ తెలియలేదు.

"అవును, అదే" అన్నాను.

ఆయన మొహం విప్పారింది. మీటరుకర్ర అందుకుని బట్ట కొలిచి కోశారు. కొలతకి మించి ఇంకాస్త కలిపి మరీ కోశారు. ఆవిడ పొట్లం గుండెకి పొదువుకుని వెళ్లిపోయింది. ఆయన తానుని చుడుతూ చుడుతూ ఆగి, అటు తిరిగే అడిగారు.

"నిజంగా అదేనంటావా?"

"మీకు ఏమనిపించింది?"

"అదే అనిపించింది."

"అయితే అదేనండీ" అన్నాను. ఆవిడ వాళ్లమ్మ వీపు కింద ఆ బట్ట ఎలా ఉందో నాకు తెలియదు. ఆయన తానుని చుట్టి అరలో పెట్టారు. నేను ఆయన బిల్లు పుస్తకం దగ్గర కూర్చున్నాను.